నల్ల నీళ్ళ కల

10 ఆగస్టు 1987, సోమవారం

శుక్రవారం పొద్దున ఏమీ జరగలేదు. అందుకే దాన్ని ముందు రాసుకుంటున్నాను. ఏమీ జరగని పొద్దులు మర్చిపోతాం.

తెల్లవారకముందే ఫజర్ నమాజు చదువుకుని జానమాజు గుడ్డ మడిచి పెట్టాను. జమీలా అప్పటికే లేచి కొట్టు ముందు ఊడుస్తోంది. పరుపుల కొట్టు వాకిలి ఊడవడమంటే చెత్త ఎత్తడం కాదు. రాత్రంతా నేలకు దిగిన దూది నూగును తడిచీపురుతో, ఎగరనివ్వకుండా పోగుచేయాలి. గట్టిగా ఊడిస్తే లేచి తలకెక్కుతుంది. ఆ సంగతి మా చెల్లెలికి ముప్పై మూడేళ్ళు వచ్చేసరికి బాగానే తెలుసు. అయినా నేను రోజూ "మెల్లగా ఊడువమ్మా" అంటాను. శుక్రవారమూ అన్నాను.

టీ కాచాను. తమ్ముడు సుభానీ దూది ఏకే మిషనుకు బెల్టు ఎక్కించాడు, కరెంటు లేదని తెలుసుకుని దించాడు. వాడి భార్య సయీదా తలనొప్పి అంది. రిటైరైన ఇంగ్లీషు మేస్టారు నాగభూషణరావు గారు పాలగిన్నెతో పోతూ ఆగి, "నడుం నొప్పి చంపుతోందమ్మా, నా పరుపు ఎప్పుడిస్తారు?" అని అడిగారు. రేపు అన్నాను. పది రోజులుగా రేపే అంటున్నాను. పరుపు అంచు రెండు మూరలు కుట్టాను. దబ్బనం వేలికి దిగింది. వేలు నోట్లో పెట్టుకుని కూచున్నాను.

పది గంటలకు పోస్టు వచ్చింది.

ఉత్తరం మాచర్ల బస్సు డిపో నుంచి. జమీలా భర్త జమాల్ అక్కడ మెకానిక్. మార్చిలో కామెర్లతో పోయాడు. విధవ గడప దాటకూడని గడువు, నాలుగు నెలల పది రోజులు, జమీలా మా ఇంట్లోనే గడిపింది. ఇప్పుడు అతని ఉద్యోగం బదులు ఆమెకు ఒక ఉద్యోగం ఇస్తారట. పదో తరగతి పాసై ఉంటే ఆఫీసులో గుమాస్తా పని. లేకపోతే బస్సులు కడిగే పని. జమీలాకు పదిలో ఇంగ్లీషు ఒక్కటే పోయింది. పోయి పదిహేడేళ్ళయింది.

బస్సులు కడగడానికి పంపనన్నాడు సుభానీ. ఏదైనా పనే కదా అంది జమీలా. అల్లా చూస్తాడు అన్నాను నేను. మా ఇంట్లో ఆ మాటకు అక్క చూస్తుంది అని అర్థం.

ఈ డైరీ నిరుటిది. గుంటూరు దారపు కొట్టువాళ్ళు ఇచ్చారు. పారేయడం ఇష్టంలేక రాస్తున్నాను. ఇందులో ఇవాళ ఆదివారమట. వయసులో ఒక రోజు మిగిలింది.

14 ఆగస్టు

మేస్టారికి పరుపు ఇచ్చేశాను. ఇస్తూ, మా చెల్లెలికి అక్టోబరులో పరీక్ష, నాలుగు ఇంగ్లీషు ముక్కలు చెబుతారా అని అడిగాను. ఆయన పరుపు మీద కూచుని రెండుసార్లు ఊగి, సరే అన్నారు.

రోజూ సాయంత్రం అసర్ నమాజయ్యాక కొట్టు అరుగు మీద చదువు. చిన్నవయసు విధవ, పరాయి మగవాడి ముందు ఒక్కతే కూచోకూడదు. కాబట్టి నేను పక్కన కూచోవాలి. మేస్టారికి డెబ్బై ఏళ్ళు, నడుం వంగదు. అయినా కూచోవాలి. నాకు ఇంగ్లీషుతో పనిలేదు. కూచోవడమే నా పని.

రాసి చూసుకుంటే నిజంలాగే ఉంది.

17 ఆగస్టు

నేనూ ఒక పలక కొనుక్కున్నాను. చేతులు ఊరికే ఉండటమెందుకని.

19 ఆగస్టు

ఇవాళ విశేషణాలు. మేస్టారు గోడకు ఆనించిన పరుపును చూపించి చెప్పారు. పరుపు అంటే పరుపే. మెత్తటి పరుపు, మంచి పరుపు అన్నారంటే మీరు నాకు ఏదో అమ్మబోతున్నారన్నమాట. విశేషణం వస్తువు సంగతి కొంత చెబుతుంది, చెప్పేవాడి సంగతి ఎక్కువ చెబుతుంది. ఇంగ్లీషులో అది పేరుకు ముందైనా కూచుంటుంది, లేకపోతే ఈజ్ అనే మాట దాటి వెనకైనా కూచుంటుంది. సాఫ్ట్ మ్యాట్రెస్. ద మ్యాట్రెస్ ఈజ్ సాఫ్ట్.

తర్వాత ఒకరి మీద ఒకరు ఐదు విశేషణాలు రాయమన్నారు. రాని మాటలు తెలుగులో అడిగితే ఆయన ఇంగ్లీషు చెప్పారు.

జమీలా నా మీద రాసింది: గుడ్, టాల్, క్లీన్, క్వైట్, స్ట్రాంగ్.

నేను జమీలా మీద, తెలుగు అక్షరాల్లో రాసింది: స్మాల్, వీక్, స్లో, అఫ్రెయిడ్, ఇన్నోసెంట్.

మేస్టారు నా పలక చదివారు. జమీలాను చూశారు. మళ్ళీ పలక చూశారు.

"ఈ అమ్మాయి కాక ఇంకో చెల్లెలేమైనా ఉందా మీకు?" అన్నారు.

లేదన్నాను. జమీలా నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. మేస్టారికి మా ఇంటి సంగతి ఏం తెలుసు. మా అమ్మ పోయినప్పుడు జమీలాకు మూడేళ్ళు. నాకు ఇరవై మూడు, పదకొండు నెలల సంసారం ముగించుకుని అప్పటికే పుట్టింటికి చేరాను. పెంచినదాన్ని. చిన్నది కాక ఏమవుతుంది.

25 ఆగస్టు

కరెంటు లేదు. అల్లా ఉన్నాడు.

2 సెప్టెంబరు

సో, దట్.

మేస్టారు చెప్పిన తీరు నాకు నచ్చింది. ఎవరైనా సో హెవీ అన్నారనుకో, చాలా బరువు అన్నారనుకో, అక్కడ ఆగకూడదు. ఎంత బరువు? ఎత్తలేనంత. ఆ ఎత్తలేకపోవడం దట్ తర్వాత రావాలి. అది సాక్షి. సాక్షి లేకుండా విశేషణం ఒక్కటే కోర్టుకు వస్తే జడ్జి పంపించేస్తాడు.

ఇది మనకూ ఉన్నదే. ఎంత అలిసిపోయానంటే, అన్నం తినకుండా పడుకున్నాను. మనకు 'అంటే', ఇంగ్లీషుకు 'దట్'. కానీ మా ఇంట్లో అందరం 'ఎంత' దగ్గరే ఆగిపోతాం. ఎంత తలనొప్పో వదినా, అంటుంది సయీదా. ఫలితం చెప్పదు. ఫలితం నేను లేచి వంటింట్లోకి పోవడం.

తలా ఒక వాక్యం రాయమన్నారు. జమీలా రెండు రాసింది. ద మ్యాట్రెస్ వాజ్ సో హెవీ దట్ టూ మెన్ కుడ్ నాట్ లిఫ్ట్ ఇట్. ఐ లిఫ్టెడ్ ఇట్.

ఇది నిజమా అన్నారు మేస్టారు. నిజమే. నిరుడు పండక్కి వచ్చినప్పుడు వానలో తడిసిన పెద్ద పరుపు. సుభానీ, కూలి మనిషి ఎత్తలేక వదిలేస్తే, మధ్యకు మడిచి తాడు కట్టి, వీపు మీద వేసుకుని ఒక్కతే లోపలికి తెచ్చింది. నేను నడవలో నిలబడి, మెల్లగా మెల్లగా అన్నాను.

నా వాక్యం: జమీలా ఈజ్ సో వీక్ దట్ షి కెనాట్ గో అలోన్.

మేస్టారు రెంటికీ సుద్దముక్కతో టిక్కు పెట్టారు. "రెండూ తప్పులేని వాక్యాలమ్మా. రెండూ ఒక్క మనిషి గురించే కావడం ఒక్కటే ఇబ్బంది" అన్నారు.

సజీవంగా ఉన్నవాళ్ళలో నన్ను ఎగతాళి చేసేది ఈయనొక్కడే. నడుం నొప్పి తగ్గినట్టుంది.

9 సెప్టెంబరు

సో, దట్ ఉన్న వాక్యాన్ని టూ పెట్టి పొట్టిగా రాయవచ్చు. సో వీక్ దట్ షి కెనాట్ గో బదులు, టూ వీక్ టు గో. ఇందులో 'లేదు' అనే మాట పైకి కనిపించదు. కానీ లోపల ఉంటుంది. పరీక్షలో దీన్ని దాంట్లోకి, దాన్ని దీంట్లోకి మార్చమని తప్పకుండా అడుగుతారట.

నాకు ఇట్టే వచ్చింది. మేస్టారు ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యం దేనికి. కాదు అనకుండా కాదనడమే కదా. ముప్పై ఏళ్ళుగా తెలియకుండానే ఇంగ్లీషు మాట్లాడుతున్నాను. జమీలాను ఎక్కడికైనా పోవద్దన్నానా ఎప్పుడైనా? ఎండ మరీ ఎక్కువగా ఉందే అన్నాను. అంతే.

23 సెప్టెంబరు

జమీలా నిద్రలో ఇంగ్లీషు కలవరించిందని సయీదా చెప్పింది. పక్క చాప మీద పడుకునేదాన్ని నాకు వినపడలేదు. నిద్ర విషయంలో అల్లా నాకు ఏ లోటూ చేయలేదు.

6 అక్టోబరు

సత్తెనపల్లిలో పరీక్ష. నరసరావుపేట నుంచి బస్సులో తోడుగా నేను వెళ్ళాను.

ముప్పాళ్ళ దాటగానే నాకు కళ్ళు తిరిగాయి. చెమట పట్టింది. జమీలా లేచి, కిటికీ పక్కన కూచున్న తలపాగా ఆయనతో, "బాబాయ్, మా అక్కకు కళ్ళు తిరుగుతున్నై, నువ్విటు జరిగి కిటికీ సీటియ్యి" అంది. ఎంత గట్టిగా అందంటే, ఆయనతో పాటు వెనక సీటువాళ్ళు కూడా లేచారు. వాంతి చేసుకున్నాను. నా మొహం కడిగింది. నా చెప్పులు కడిగింది. తర్వాత వెళ్ళి పరీక్ష రాసింది.

నేను బడి గోడ నీడలో తస్బీహ్ పూసలు తిప్పుతూ కూచున్నాను. మూడు గంటలు. దువా చేశాను. పాసు కావాలని అడిగానా? నీకు తెలుసు అన్నాను. నీకు తెలుసు అంటే ఏదైనా కావచ్చు. పాసు అని నోటితో అనలేదు. ఎందుకు అనలేదో రాయడానికి ఇక్కడ చోటు లేదు.

చోటు ఉంది. ఇంకా అర పేజీ ఉంది.

20 నవంబరు

జమీలా పాసయింది. నలభై ఏడు మార్కులు.

మేస్టారు లడ్డూలు తెచ్చారు. మనం కదా తేవాలి అంటే, నా చేతి కింద ఇదే చివరి పాసు అన్నారు. సుభానీ కొట్టు మూసి అందరికీ చెప్పి వచ్చాడు. ఐ యామ్ సో హ్యాపీ దట్ అని రాసి, దట్ తర్వాత ఏం రాయాలో తోచక పలక తుడిచేశాను.

27 నవంబరు

మాచర్ల నుంచి ఉత్తరం. డిసెంబరు పద్నాలుగు సోమవారం లోపు ఉద్యోగంలో చేరాలి. చేరకపోతే ఆ ఖాళీ ఇంకొకరికి.

జమీలా ఉత్తరం రెండుసార్లు చదివింది. మడిచి జాకెట్లో పెట్టుకుంది. డిపో వెనక వీధిలో, తనూ జమాలూ కాపురమున్న ఇంట్లోనే ఒక గది ఖాళీగా ఉందట. ఇంటివాళ్ళు పండక్కి ఉత్తరం రాసినప్పుడే చెప్పారట. అంటే ముందే కనుక్కుంది.

"ఒక్కదానివే ఎట్టా ఉంటావే?" అన్నాను.

"ఆ ఊళ్ళో పదహారేళ్ళు కాపురం చేశానక్కా. నాకు తెలవని సందు లేదు. నాకేమన్నా అయితే వచ్చి తలుపు కొట్టే ఇళ్ళు పది ఉన్నై."

ఆమె అంత పొడుగు మాట ఈ ఏడాదిలో మాట్లాడలేదు. సుభానీ గడ్డం గోక్కున్నాడు. పంపాలనీ ఉంది, భయంగానూ ఉంది వాడికి. చివరకు నా వైపు తిరిగి, "నువ్వు ఇస్తిఖారా చేసి చెప్పక్కా. నీకెట్టా వస్తే అట్టా పోదాం" అన్నాడు.

జమీలా కూడా తలూపింది. నమ్మకంగా ఊపింది.

28 నవంబరు

ఇస్తిఖారా అంటే ఇదీ: ఏదైనా పని తేలకపోతే, రాత్రి ఇషా నమాజు తర్వాత రెండు రకాతులు ఎక్కువ చదివి, ఈ పని మంచిదైతే దగ్గర చెయ్యి, కాకపోతే దూరం చెయ్యి అని అల్లాకు అప్పజెప్పి పడుకుంటాం. తెల్లారి మనసు ఎటు మొగ్గితే అటు. కల వస్తే మరీ గట్టి. ఎవరి పనికి వాళ్ళే చదువుకోవాలని, కల రావాలనేం లేదని మసీదులో పెద్దాయన చెబుతూనే ఉంటాడు. మా ఇంట్లో మాత్రం నాన్న ఉన్నప్పటి నుంచి అందరి తరఫునా నేనే. అక్క నమాజు తప్పదు కాబట్టి అక్కకే తెలుస్తుందని.

సుభానీ పెళ్ళికి నేనే. జమీలా పెళ్ళికి నేనే. దూది మిషను కొనడానికి నేనే. మిషను బాగా నడిస్తే నా నమాజు బలం అన్నారు. కరెంటు పోవడాన్ని మాత్రం ఎవరూ నా మీద వేయలేదు. ఇటువంటి ఉద్యోగం ఎవరికైనా చేదా?

ఈ రాత్రి చదువుతాను.

29 నవంబరు

చదివాను. కల వచ్చింది. నీళ్ళు.

పొద్దున అందరికీ చెప్పాను. మంచిగా లేదన్నాను. సుభానీ లేచి మిషను దగ్గరికి పోయాడు. జమీలా సరే అక్కా అంది.

30 నవంబరు

నల్ల నీళ్ళు. నిన్న రాయడం మర్చిపోయాను.

1 డిసెంబరు

సయీదా అడిగింది, నీళ్ళలో జమీలా ఉందా వదినా అని. ఉంది అన్నాను. మోకాళ్ళ దాకా. కల పూర్తిగా గుర్తుకు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

3 డిసెంబరు

లోతైన, చల్లటి నల్ల నీళ్ళు. నడుం దాకా.

చల్లటి అన్నది ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. గట్టున ఉన్నదాన్ని నాకు చల్లదనం ఎలా తెలుస్తుంది? నన్నెవరూ ఏదీ అడగరు. ముప్పై ఏళ్ళుగా పడి ఉన్న సదుపాయం.

సాయంత్రం మేస్టారు వచ్చారు. జమీలా ఉద్యోగంలో చేరడంలేదని వీధిలో విన్నారట. కారణం సుభానీ చెప్పాడు. ఆయన దేవుడి సంగతులు తర్కించే మనిషి కాదు. నా దగ్గరికి వచ్చి, పాఠం అడిగినట్టే మెల్లగా అడిగారు.

"లోతైన నీళ్ళా అమ్మా?"

"చానా లోతు మేస్టారూ."

"ఎంత లోతంటే?"

నాకు సాక్షి దొరకలేదు. "మగ్రిబ్ అజాన్ అయింది" అని లేచాను. అవలేదు. ఇంకా ఇరవై నిమిషాలుంది. కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుని జానమాజు మీద ఆ ఇరవై నిమిషాలూ ఖాళీగా కూచున్నాను. అబద్ధం ఆడి నమాజుకు ముందే హాజరైనదాన్ని నరసరావుపేటలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

5 డిసెంబరు

జమీలా ఏడవడం లేదు. ఏడిస్తే ఓదార్చేదాన్ని. ఓదార్చడం నాకు బాగా వచ్చు. అన్నం తింటోంది. పదకొండు దిండ్లకు గలీబులు కుట్టింది. ఇంగ్లీషు పుస్తకాలు గుడ్డలో కట్టి అటక మీద పెట్టించింది. మంచిదే జరిగింది. ఆమె మేలు కోరే కదా. ఆమె మేలు కోరే.

7 డిసెంబరు

మధ్యాహ్నం నేను బూరుగు దూదిలో గింజలు ఏరుతున్నాను. జమీలా వచ్చి ఒక తెల్ల కాగితం నా ఒళ్ళో పెట్టింది.

"డిపోకు జాబు రాశానక్కా. రానని చెప్పకుండా ఊరుకుంటే మర్యాదగా ఉండదు. ఇంకొకరికన్నా ఇస్తారు. తప్పులేమన్నా ఉంటే నువ్వు దిద్దు, రేపు పోస్టులో ఏస్తా."

ఇంగ్లీషు జాబు. ఒక్కతే రాసింది, మేస్టారికి చూపకుండా. నాలుగు వాక్యాలు. చివరి రెండూ ఇక్కడ దించుకుంటున్నాను. ఇంగ్లీషు అక్షరాలు నా చేతికి ఇంకా వంకర, అందుకని మన అక్షరాల్లోనే.

మై ఎల్డర్ సిస్టర్ ఈజ్ సో గుడ్ దట్ హర్ ప్రేయర్ కెనాట్ బి రాంగ్. దేర్‌ఫోర్ ఐ యామ్ నాట్ జాయినింగ్.

మా అక్క ఎంత మంచిదంటే, ఆమె ప్రార్థన తప్పు కావడానికి వీల్లేదు.

మూడుసార్లు చదివాను. ఒక్క తప్పన్నా దొరుకుతుందేమోనని చదివాను. దొరికితే దిద్దుతూ కొంచెంసేపు గడిపేదాన్ని. సో ఉంది. దట్ ఉంది. విశేషణం దాని చోట అది కూచుని ఉంది. ఫలితం ఫలితంలాగే ఉంది. జమీలా తన బతుకును తీసుకొచ్చి నా మంచితనానికి సాక్షిగా నిలబెట్టింది.

దిద్దేదేం లేదన్నాను. కాగితం మాత్రం తిరిగి ఇవ్వలేదు. సాయంత్రం ఇస్తానన్నాను.

ఇప్పుడు రాస్తాను. ఇంకెవరూ చదవని పుస్తకంలో కూడా తొమ్మిది రోజులు రాయలేకపోయాను.

ఇరవై తొమ్మిదిన రాసింది అబద్ధం. నమాజు చదివాను, అది నిజం. పడుకున్నాను. కల రాలేదు. నీళ్ళు లేవు. నలుపు లేదు. లోతు లేదు. ఎంత గాఢంగా పడుకున్నానంటే, ఫజర్‌కు జమీలా వచ్చి భుజం తట్టి లేపింది. కళ్ళు తెరిచి పక్కన ఖాళీ చాప చూశాను. అది లేచింది కాబట్టి ఖాళీ. ఇక రోజూ ఇలాగే ఉంటుంది కదా అనుకున్నాను. నా మనసులోకి వచ్చింది ఆ చాప ఒక్కటే. దాన్ని చాప అని చెప్పలేక నీళ్ళన్నాను. నీళ్ళు ఒట్టినే నిలబడలేదు, రోజుకొక విశేషణం తొడిగాను.

నాకు భయంగా ఉంది పోవద్దే, అని చెప్పవచ్చు. చెబితే నేను భయపడేదాన్నని తెలుస్తుంది. అఫ్రెయిడ్ అన్న మాట పలక మీద నేను ఎవరి పేరు కింద రాశాను?

పెద్ద తప్పు అది కాదు. నా మాటను అల్లా మాటగా చెప్పాను. తౌబా, క్షమించు అని వందసార్లు తస్బీహ్ తిప్పాను. తిప్పుతుంటే తెలిసింది, ఇది పూసలతో తీరేది కాదు. ఎవరికి చెప్పిన అబద్ధం వాళ్ళ దగ్గరే విప్పాలి. ఇందాకటి నుంచి సయీదా అన్నానికి పిలుస్తోంది. రేపు చెబుతాను.

రేపు అని రాశాను. మేస్టారి పరుపు గుర్తొచ్చి సిగ్గేసింది.

8 డిసెంబరు

చెప్పాను.

మగ్రిబ్ తర్వాత మిషను ఆపించి ముగ్గురినీ కూచోబెట్టాను. ఇంకా ఏకని దూది కుప్పకు అటు సుభానీ, సయీదా, ఇటు జమీలా. ఏం చెప్పాలో పొద్దుటి నుంచి వరస పెట్టుకున్నాను. నోరు తెరిస్తే మూడే మాటలు వచ్చాయి.

"నాకు కల రాలేదు."

సుభానీకి అర్థం కాలేదు. నిన్న రాలేదా అన్నాడు. ఆ రోజు రాలేదన్నాను. అసలు రాలేదు, నేను కల్పించాను, జమీలా పోతుందని నాకు భయమేసి కల్పించాను అన్నాను. వాడు నా మొహం వైపు చూడలేక మిషను బెల్టు వైపు చూశాడు.

సయీదా అడిగింది. "మరి ఆ చల్లటి నీళ్ళు వదినా?"

"నేను కలిపినవే."

సయీదా ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది. పెళ్ళై వచ్చినప్పటి నుంచి నన్ను చూసి నవ్వడం అదే మొదలు. నవ్వాల్సిందే. నాకే వినడానికి బాగుంది.

జమీలా నవ్వలేదు. దూది పింజ ఒకటి తీసి వేళ్ళ మధ్య లాగుతూ కూచుంది. అది సాగి సాగి దారమై తెగింది. అప్పుడు మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"పోవద్దే, నాకు భయంగా ఉంది అనుంటే ఆగిపోయేదాన్నేమో అక్కా. దేవుడి మీద ఎందుకు పెట్టావ్?"

తప్పయింది అన్నాను. ఆమెకు ఆ మాట నేను ఇంతవరకు చెప్పలేదు. ముప్పై మూడేళ్ళు. చెప్పడానికి సందర్భాలు లేకపోలేదు.

జాబు కాగితం తీసి ఆమె చేతికిచ్చాను. చదవకుండానే నాలుగు మడతలు పెట్టి, వంటింట్లో మండుతున్న కుంపటి వైపు చూసి, మళ్ళీ ఆగి, జాకెట్లో పెట్టుకుంది. చించలేదు, కాల్చలేదు. ఎందుకని అడగలేదు నేను. అడిగే హక్కు కొన్నాళ్ళు పక్కన పెట్టాను.

తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నారు. మాట్లాడుకున్నాం అని రాయబోయాను. నేను మాట్లాడలేదు. వినడం కష్టమైన పని. మధ్యమధ్య నాలుక దానంతటది లేవబోయేది. పళ్ళ కింద పట్టుకున్నాను.

తేలినవి ఇవి.

జమీలా శనివారం మొదటి బస్సుకు మాచర్ల పోతుంది. సుభానీ వెంట వెళ్ళి, గదిలో సామాను దించి, ఆ సాయంత్రమే తిరిగి వస్తాడు. సోమవారం పద్నాలుగున ఆమె డిపో ఆఫీసులో చేరుతుంది.

ఈ ఇంట్లో ఇక మీదట ఎవరి ఇస్తిఖారా వాళ్ళే చదువుకోవాలి. ఈ మాట సుభానీ అన్నాడు, నేల చూసుకుంటూ. మసీదులో పెద్దాయన చెప్పేదీ అదేనని తర్వాత తోక తగిలించాడు, నాకు నొప్పి తగ్గించడానికి. మంచి పిల్లాడు. నలభై ఆరేళ్ళు.

మొదటి వారం రోజులు తోడుండి, పొయ్యీ అదీ సర్ది వస్తానన్నాను. ఇవాళంతటికీ నేను ఉచితంగా ఇచ్చిన సలహా ఇదొక్కటే. సుభానీ అలవాటుగా సరే అనబోయాడు. జమీలా చెయ్యెత్తి ఆపింది.

మార్చిలో జమాల్ పోయిన ఏడాదికి చదివించే ఫాతెహా వస్తుంది. అప్పటి దాకా నేను మాచర్ల రాకూడదు అంది. ఫాతెహాకు తనే ఉత్తరం రాస్తుందట. ఆ ఉత్తరం చూసుకుని రావాలట. కోపంతో అనడం లేదు అక్కా అని కూడా అంది. కోపం లేదని నాకూ తెలిసింది. అందుకే ఎక్కువ తగిలింది.

సయీదా ఒప్పుకుంది. సుభానీ నా వైపు చూసి, నేను ఏమీ అనకపోవడం చూసి, ఒప్పుకున్నాడు. అందరికంటే చివర నేను ఒప్పుకున్నాను.